ఇరవై లక్షల కుర్రాడు

2022 డిసెంబర్ 23న కొచ్చిలో జరిగిన ఐపీఎల్ వేలంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు ఇంగ్లండ్ బ్యాటర్ హ్యారీ బ్రూక్‌ను 13.25 కోట్లకు పాడుకుంది. ఆ సందడిలో అదే జట్టు విశాఖపట్నం కుర్రాడొకణ్ణి కనీస ధర 20 లక్షలకు తీసుకున్న సంగతి పెద్దగా ఎవరికీ పట్టలేదు. బ్రూక్ ఒక్క సీజన్ ఆడి వెళ్లిపోయాడు. ఆ కుర్రాడు, నితీశ్ కుమార్ రెడ్డి, మొదటి ఏడాది రెండే మ్యాచ్‌లు ఆడాడు. 2024లో మాత్రం పదమూడు మ్యాచ్‌ల్లో 303 పరుగులు చేసి ఆ సీజన్ వర్ధమాన ఆటగాడి అవార్డు పట్టుకుపోయాడు. అదే ఏడాది డిసెంబర్ 28న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో ఎనిమిదో స్థానంలో దిగి టెస్టు సెంచరీ కొట్టాడు.

అది అతని మొదటి ఖాతా. ఇక రెండోది, గాయాల ఖాతా. 2024 జూన్‌లో జింబాబ్వే పర్యటనకు ఎంపికై, గాయంతో ఆగిపోయాడు. 2025 జనవరిలో ఇంగ్లండ్‌తో టీ20 సిరీస్ మధ్యలో పక్క కండరం పట్టేసింది. జులైలో ఇంగ్లండ్‌లో మోకాలు దెబ్బతిని చివరి రెండు టెస్టులూ పోయాయి. అక్టోబర్‌లో ఆస్ట్రేలియాలో తొడ కండరం మొరాయించింది. ఏడాదిన్నర తిరక్కుండా నాలుగుసార్లు.

ఈ రెండు ఖాతాలూ ఒకే మనిషివి. ఒకదాన్ని మాత్రమే చదివేవాళ్లు రెండు రకాలు. మొదటి ఖాతా చూసేవాడు ప్రతి సీజన్‌లోనూ తన ఫాంటసీ జట్టుకు అతన్నే కెప్టెన్‌గా పెట్టి, ఏ బుధవారమో అతను మైదానంలో లేడని తెలిసి తలపట్టుకుంటాడు. రెండో ఖాతా చూసేవాడు అతని పేరు ఎత్తితేనే చేయి అడ్డం పెడతాడు. 2024లాంటి సీజన్ అలా చూసేవాడి చేతికి ఎప్పటికీ చిక్కదు. సూర్యాపేటలో ఒకడు, కోదాడలో ఇద్దరు, మిర్యాలగూడలో ముగ్గురు, ఉద్యోగాల కోసం హైదరాబాద్ వెళ్లిన మరో ఇద్దరు కలిసి వాట్సాప్ గ్రూపులో ఫాంటసీ లీగ్ నడుపుకుంటున్నారనుకుందాం. ప్రతి మార్చిలోనూ వాళ్ల వేలం దగ్గర గొడవంతా ఇలాంటి కుర్రాడి మీదే. కోహ్లీని ఎంతకు పాడాలో అందరికీ తెలుసు. చవగ్గా దొరికే, తరచూ దెబ్బ తగిలించుకునే, ఆడిన రోజున మ్యాచ్ తిప్పేసే ఇరవై రెండేళ్లవాడి దగ్గరే తెలివి పరీక్షకు నిలబడుతుంది.

మొదట డబ్బు సంగతి తేల్చుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2017లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. నడుమ ఆ మూడేళ్లు కోదాడలో నిషిద్ధమైనది ఇరవై కిలోమీటర్ల అవతల జగ్గయ్యపేటలో చెల్లుబాటయ్యేది. ఆ విడ్డూరం కూడా ఇప్పుడు లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా డబ్బు ఆటలను నిషేధిస్తూ ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. 22న రాష్ట్రపతి ఆమోదం పడింది. ఫాంటసీ సంస్థ డ్రీమ్11 పైసల పోటీలు ఆపేసి, భారత జట్టు చొక్కా మీద నుంచి కూడా తప్పుకుంది. కాబట్టి ఈ అధ్యాయంలోని లెక్కలన్నీ పాయింట్ల లెక్కలు. ఓడినవాడు బిర్యానీ తినిపించే లీగ్‌కు ఇవి సరిపోతాయి. అప్పు తెచ్చి ఆడేవాడికి ఏ లెక్కా సరిపోదు, వాడికి కావలసింది వేరే అధ్యాయం.

చవక ఎందుకు చవకో ముందు అర్థం కావాలి. మిర్యాలగూడ వైపు పెరిగినవాడికి ఇది కొత్తగా నేర్పనక్కర్లేదు. కోత మిషన్ నుంచి దిగిన పచ్చి ధాన్యం ట్రాక్టర్ నేరుగా మిల్లు గేటు దగ్గర ఆగుతుంది. మిల్లువాడు గుప్పెడు తీసి చూస్తాడు, తేమ చూస్తాడు, ధర చెబుతాడు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. మిల్లు దగ్గర దాటినా కొంటారు, ధర తగ్గించి కొంటారు. ఆ తగ్గింపు మిల్లువాడి దయ కాదు, రైతుకు జరిగిన అవమానమూ కాదు. ఆరబెడితే ఎంత బరువు పోతుందో, మర పడితే ఎంత నూక వస్తుందో అతను ముందే కట్టిన లెక్క. తేమ కన్నా ఎక్కువ తరుగు తీస్తే రైతు నష్టపోతాడు, తక్కువ తీస్తే మిల్లువాడు నష్టపోతాడు. బేరం ఉన్నదంతా ఆ రెండింటి మధ్య సందులోనే.

గాయాల కుర్రాడి ధరలోనూ ఇలాంటి తరుగే ఉంటుంది. గత సీజన్‌లో అయిదు మ్యాచ్‌లే ఆడాడు కాబట్టి ధర పడింది. అంటే గాయం ధరలోకి ఇప్పటికే ఎక్కింది. దాన్నే మళ్లీ తలుచుకుని భయపడితే ఒకే నష్టాన్ని రెండుసార్లు లెక్కేసినట్టు. చూడాల్సింది తరుగు సరిపోయిందా, ఎక్కువైందా, తక్కువైందా అని. మిత్రుల వేలంలో ఇది ఇంకా తేలిక. తరుగు వేసేది ఏ కంప్యూటరో కాదు, ఎదురుగా కూర్చున్న ఏడుగురు. వాళ్లకు గుర్తుండేది చివరి వార్త మాత్రమే. వేలానికి వారం ముందు ఎవడైనా స్ట్రెచర్ మీద వెళ్లిన వీడియో తిరిగితే అతని ధర అవసరానికి మించి పడుతుంది. ఆరునెలల కింద దెబ్బ తగిలి, ఆ తర్వాత నిశ్శబ్దంగా కోలుకోని కుర్రాడి ధర పడాల్సినంత పడదు.

తరుగు సరైనదో కాదో తెలియాలంటే ఏ భాగానికి ఏ దెబ్బో అడగాలి. 'ఇంజ్యూరీ ప్రోన్' అని ఒక్క ముద్ర కొట్టి వదిలేయడం ఫాంటసీ ఆడేవాళ్ల పెద్ద బద్ధకం.

2024 అక్టోబర్ 6న గ్వాలియర్‌లో బంగ్లాదేశ్‌తో టీ20లో ఇద్దరు ఒకేరోజు భారత్ టోపీ అందుకున్నారు. ఒకడు నితీశ్. రెండోవాడు ఢిల్లీ ఫాస్ట్ బౌలర్ మయాంక్ యాదవ్. అతన్నీ లక్నో జట్టు 2022లో 20 లక్షలకే కొన్నది. మొదటి రెండు సీజన్లు ఒక్క మ్యాచూ ఆడలేదు. 2024 మార్చి 30న పంజాబ్‌తో మొదటి మ్యాచ్: మూడు వికెట్లు, గంటకు 155.8 కిలోమీటర్ల బంతి. మూడు రోజులకు బెంగళూరులో మళ్లీ మూడు వికెట్లు, ఈసారి 156.7. రెండింట్లోనూ ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ అతనే. మూడో మ్యాచ్‌లో ఒకే ఓవర్ వేసి పక్క పట్టుకుని వెళ్లిపోయాడు. ఏప్రిల్ 30న తిరిగొచ్చాడు, నాలుగో ఓవర్ పూర్తికాకముందే మళ్లీ పెవిలియన్. ఆ సీజన్‌లో అతని ఆట అంతే: నాలుగు మ్యాచ్‌లు, ఏడు వికెట్లు.

ఇద్దరూ ఇరవై లక్షలవాళ్లే, ఇద్దరూ కుర్రాళ్లే, ఇద్దరి పేరు పక్కనా ఆస్పత్రి వార్తలే. కానీ నితీశ్ దెబ్బలు నాలుగు రకాలు, నాలుగు చోట్ల. మయాంక్‌కు ఆ సీజన్‌లో దెబ్బ తగిలిన చోటే నెల తిరక్కుండా మళ్లీ తిరగబెట్టింది. అదీ అతని వేగం పుట్టే చోట. వేగం వల్ల వచ్చిన ధరను వేగమే తినేస్తోంది. ఇలాంటివాడు ఎంత చవగ్గా దొరికినా ఒక సీజన్ మొత్తానికి నమ్మదగినవాడు కాడు. ఏ రెండు వారాలకో అక్కరకొస్తాడు.

కండరం దెబ్బలకు జ్ఞాపకశక్తి ఎక్కువ. ఒకసారి హ్యామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం, చిరిగినవాడికి అదే మళ్లీ చిరిగే అవకాశం మిగతావాళ్లకంటే బాగా ఎక్కువ. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ (ఏఎఫ్ఎల్) 1992 నుంచి గాయాల లెక్కలు సర్వే చేస్తోంది. ఏడాదికేడాది అందులో పైన కనిపించేది ఈ హ్యామ్‌స్ట్రింగే. మోకాలి లిగమెంట్ తెగితే దాదాపు ఏడాది పోతుంది. కాకపోతే ఎప్పుడు తిరిగొస్తాడో ముందే తెలుస్తుంది కాబట్టి లెక్క కట్టడం సులువు. తలకు పదేపదే దెబ్బ తగిలినవాడి సంగతి వేరు. ఆస్ట్రేలియన్ లీగ్‌లో కన్‌కషన్ అయితే కనీసం పన్నెండు రోజులు కూర్చోబెడతారు. రెండు మూడుసార్లు అయినవాణ్ణి పాయింట్ల కోసం ఎత్తుకోకపోవడమే మంచిది.

ఎముక దెబ్బ దగ్గర మాత్రం ఆశకు చోటుంది. టీనేజ్ దాటని ఫాస్ట్ బౌలర్ల నడుములో వెన్నుపూస ఇంకా గట్టిపడి ఉండదు. వారానికి వందల బంతులు వేస్తే అక్కడ సన్నటి పగుళ్లు వస్తాయి. వయసు పెరిగేకొద్దీ ఆ బెడద చాలామందిలో తగ్గుతుంది. హైదరాబాద్ అభిమానులకు దీనికి వేరే ఉదాహరణ అక్కర్లేదు. 2011 నవంబర్‌లో జొహానెస్‌బర్గ్‌లో పద్దెనిమిదేళ్ల ప్యాట్ కమిన్స్ తొలి టెస్టులోనే ఒక ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీసి, గెలుపు పరుగులు కూడా తనే కొట్టాడు. రెండో టెస్టు ఎప్పుడు ఆడాడు? 2017 మార్చిలో, రాంచీలో. మధ్యలో అయిదేళ్లకు పైగా పోయింది, చాలావరకు వెన్నునొప్పితోనూ రిహాబిలిటేషన్‌తోనూ. ఆ అయిదేళ్లలో కమిన్స్‌ను టెస్టుల ఫాంటసీ జట్టులో పెట్టుకుంటే దండగే. ఆ తర్వాత అతన్ని వదులుకున్నవాడిదీ దండగే. 2023 డిసెంబర్ వేలంలో సన్‌రైజర్స్ అతని కోసం 20.5 కోట్లు పెట్టి కెప్టెన్‌ను చేస్తే, మరుసటి సీజన్‌లో జట్టు ఫైనల్‌కు వెళ్లింది.

ఆడతాడా ఆడడా అన్న ప్రశ్న దాటాక ఇంకోటి మిగులుతుంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఆడితే ఏం చేస్తాడు? నితీశ్ విలువలో సగం బౌలింగ్‌లో ఉంది. ఫాంటసీ లెక్కల్లో ఒక వికెట్ దాదాపు పాతిక పరుగులంత. పక్క కండరం దెబ్బ తర్వాత 2025 ఐపీఎల్‌లో అతను పదమూడు మ్యాచ్‌లు ఆడాడు, పెద్దగా ఏదీ తప్పిపోలేదు. అయినా బంతి అతని చేతికి అరుదుగా వచ్చింది, పరుగులు 182 దగ్గరే ఆగాయి. జాబితాలో 'ఆల్‌రౌండర్' అని రాసి ఉంది, మైదానంలో ఉన్నది మధ్య వరుస బ్యాటర్. అతన్ని ఫిట్ అనుకుని తీసుకున్నవాళ్ల అంచనా తప్పు కాదు. పూర్తి మనిషి ధరకు సగం మనిషి దొరికాడంతే. 2023లో వచ్చిన ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధనతో ఈ చిక్కు ఇంకా పెరిగింది. గాయం నుంచి తిరిగొచ్చినవాణ్ణి ఫీల్డింగ్ చేయించకుండా బ్యాటింగ్‌కు మాత్రం దింపే వీలు జట్లకు దొరికింది. క్యాచ్‌ల పాయింట్లు, రనౌట్ల పాయింట్లు గాలికి.

అందుకే రంజీ మ్యాచ్, సన్నాహక మ్యాచ్, నెట్స్ వీడియో ఏది దొరికినా స్కోరు వెనక దాగిన సంగతులు చూడాలి: ఎన్ని ఓవర్లు వేశాడు, వరుసగా రెండు రోజులు వేశాడా, స్లిప్‌లో నిలబెట్టి దాచారా, బౌండరీ దగ్గర పరిగెత్తించారా. కుర్రాడు 'నూటికి నూరుపాళ్లు బాగున్నాను' అని విలేకరులతో చెప్పే మాట ఎవరికీ పనికిరాదు. ఏ కుర్రాడూ బాగాలేనని చెప్పడు, చెబితే చోటు పోతుంది.

ఇప్పుడు కాగితం, పెన్ను. ఐపీఎల్ లీగ్ దశలో జట్టుకు పద్నాలుగు మ్యాచ్‌లు. పద్నాలుగూ ఆడి సగటున 30 పాయింట్లు తెచ్చే స్థిరమైన ఆటగాడు ఒకడున్నాడు: 420. ఆడిన రోజు 40 తెచ్చే గాయాల కుర్రాడు తొమ్మిదే ఆడితే 360. ఇక్కడితో ఆగినవాడు స్థిరమైనవాణ్ణే తీసుకుంటాడు. కానీ కుర్రాడు లేని అయిదు మ్యాచ్‌లూ ఆ చోటు ఖాళీగా ఉండాలని లేదు. బెంచ్ మీద 20 పాయింట్లు తెచ్చేవాడు ఉంటే ఇంకో 100 కలుస్తుంది, మొత్తం 460. అదే కుర్రాడు, అవే తొమ్మిది మ్యాచ్‌లు. బెంచ్ ఉంటే నలభై పాయింట్లు ముందు, లేకపోతే అరవై వెనక.

గిట్టుబాటు ఎక్కడో కూడా ఇందులోనే తేలుతుంది. బెంచ్ ఉన్నవాడికి కుర్రాడు ఏడు మ్యాచ్‌లు ఆడితే చాలు, స్థిరమైన ఆటగాడితో సమానం. బెంచ్ లేనివాడికి పదకొండు ఆడాలి. సగం సీజన్ ఆడే శరీరం ఒకడికి గిట్టుబాటు, ఇంకొకడికి నష్టం. ఈ కుర్రాడు మంచి పిక్కా కాదా అని గ్రూపులో జరిగే వాదన సగం అర్థం లేనిది. ఎవరి జట్టులో అన్నది చెప్పకుండా దానికి జవాబు లేదు. కాబట్టి కుర్రాణ్ణి పాడే ముందే అతని బదులు ఎవరో చూసి పెట్టుకోవాలి. అదే ఐపీఎల్ జట్టు నుంచి, అతను లేనప్పుడు ఆ స్థానంలో దిగేవాడైతే ఇంకా మంచిది. ఒకడి గాయమే రెండోవాడి అవకాశం.

లెక్కలో కనబడని చిల్లు ఒకటుంది: సమాచారం. బెంచ్ మీదవాడు పనికిరావాలంటే కుర్రాడు ఆడట్లేదని గడువుకు ముందే తెలియాలి. ఐపీఎల్ రాత్రి మ్యాచ్‌కు టాస్ ఏడు గంటలకు, ఆట ఏడున్నరకు. లీగ్ నియమం టాస్ దాకా మార్చుకోనిస్తే గాయాల కుర్రాడి విలువ పెరుగుతుంది. పొద్దున్నే జట్టు తాళం వేయాలంటే పడిపోతుంది. వేలం మొదలుకాక ముందు ఈ ఒక్క నియమం గురించి అడిగినవాడు సగం పని చేసినట్టే. మన దగ్గర గాయాల వార్తలు 'వైద్య బృందం పర్యవేక్షణలో ఉన్నాడు', 'బెంగళూరు సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌కు వెళ్తాడు' అన్న రెండు వాక్యాల దగ్గర ఆగిపోతాయి. తేదీ ఉండదు. ఇలాంటి వార్త చదివినప్పుడు తొందరగా తిరిగొస్తాడన్న ఆశను సగం కోసి లెక్క వేసుకోవడం క్షేమం.

ఈ విద్యను పరమావధికి తీసుకెళ్లింది మాత్రం ఆస్ట్రేలియన్లే. మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కోదాడ పిల్లవాడు ఆఫీసు లీగ్‌లో చేరితే మొదట బెదిరిపోతాడు. నితీశ్ సెంచరీ కొట్టిన ఆ మైదానమే అక్కడి ఫుట్‌బాల్‌కు పెద్ద కోవెల. ఏటా సెప్టెంబర్‌లో గ్రాండ్ ఫైనల్ అక్కడే. ఏఎఫ్ఎల్ ఫాంటసీ ఆడటానికి పైసా కట్టనక్కర్లేదు. కాలితో కొట్టే కిక్‌కు మూడు పాయింట్లు, చేతితో అందించే హ్యాండ్‌బాల్‌కు రెండు, గాల్లో పట్టుకునే మార్క్‌కు మూడు, ట్యాకిల్‌కు నాలుగు, గోల్‌కు ఆరు, అవతలివాళ్లకు ఫ్రీ కిక్ ఇచ్చుకుంటే మైనస్ మూడు. ఇరవై రెండు మంది మైదానంలో, ఎనిమిది మంది బెంచ్ మీద. ఆటగాళ్ల ధరలు వారం వారం, వాళ్లు తెచ్చిన పాయింట్లను బట్టి కదులుతాయి.

ఈ చివరి సంగతితో ఆటే మారిపోతుంది. అక్కడ చవక కుర్రాణ్ణి పాయింట్ల కోసం మాత్రమే కొనరు. అతను నాలుగైదు వారాలు బాగా ఆడితే ధర పెరుగుతుంది, అమ్మేసి ఆ డబ్బుతో పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకుంటారు. అలాంటివాణ్ణి వాళ్లు 'క్యాష్ కౌ' అంటారు, పాడి ఆవన్నమాట. అతను గాయపడితే నష్టం రెండింతలు. పాయింట్లు రావు సరే, ఆడనంతకాలం ధర కూడా కదలదు. అమ్ముదామంటే వారానికి ఇన్నే మార్పులన్న పరిమితి అడ్డమొస్తుంది. గత ఏడాది గాయంతో కూర్చున్నందుకు ధర తగ్గిన కుర్రాణ్ణి మాత్రం అందరూ కళ్లల్లో వత్తులేసుకుని వెతుకుతారు. ప్రతి మంగళవారం లీగ్ వెబ్‌సైట్ పద్దెనిమిది జట్ల గాయాల జాబితా పెడుతుంది: పేరు, దెబ్బ, తిరిగొచ్చేందుకు పట్టే వారాలు. వారాల బదులు 'టీబీసీ', ఇంకా తేలలేదు అని ఉంటే, తెలిసినవాళ్లు ఆ పేరు కొట్టేసి ముందుకెళ్తారు.

వాళ్లకు పాఠం చెప్పిన కుర్రాడు మ్యాట్ రోవెల్. 2019 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు గోల్డ్ కోస్ట్ జట్టు ఎంచుకున్నవాడు. 2020లో రెండు, మూడు, నాలుగు రౌండ్లు వరుసగా మైదానంలో అత్యుత్తముడిగా, సీజన్ ఉత్తమ ఆటగాణ్ణి తేల్చే బ్రౌన్‌లో ఓట్లు మూడేసి తెచ్చుకున్నాడు. అయిదో రౌండ్‌లో భుజం తప్పింది, సీజన్ అయిపోయింది. 2021 మొదటి రౌండ్‌లో మొదటి క్వార్టర్‌లోనే మోకాలు. అప్పటికి ఎవరిని అడిగినా 'పాపం, గాజుబొమ్మ' అనేవాళ్లే. అయితే రెండు దెబ్బలూ ఢీకొన్నప్పుడు తగిలినవి, తిరగబెట్టే కండరం దెబ్బలు కావు. ఇద్దరి మీద పడి ట్యాకిల్ చేసే ఆటతీరు అతనిది. 2025లో బ్రౌన్‌లో మెడల్ 39 ఓట్లతో అతనికే దక్కింది. ఒక్క మాట ఒప్పుకోవాలి. 2021లో అతన్ని వదిలేసినవాడు ఆ సీజన్‌కు సరైన పనే చేశాడు. పొరపాటల్లా ఆ ముద్రను తర్వాతి సీజన్లకూ మోసుకెళ్లడం.

ఇంత తంటా ఎందుకు, నమ్మకమైనవాళ్లనే తీసుకుంటే పోలేదా అని అడగొచ్చు. దానికి జవాబు తెలుగు టైటాన్స్ దగ్గరుంది. సూర్యాపేటవాళ్లకు కబడ్డీ పిచ్చి ఎంతో చెప్పనక్కర్లేదు. 2021 మార్చి 22న జూనియర్ జాతీయ పోటీలు చూడటానికి విరగబడ్డ జనంతో గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డ ఊరది. ప్రో కబడ్డీలో పవన్ సెహ్రావత్‌ను 2022లో తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకు కొంటే, మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయి సీజనంతా బయటే ఉన్నాడు. మరుసటి ఏడాది టైటాన్స్ అతన్ని 2.605 కోట్లకు తెచ్చుకుంది, అప్పటికి అది రికార్డు. పవన్ కోలుకున్నాడు, బాగానే ఆడాడు. కానీ జట్టు మొత్తానికి అనుమతి ఉన్నదే 5 కోట్లు. సగానికి పైగా ఒక్కడికే పోయింది. ఇరవై రెండు మ్యాచ్‌ల్లో టైటాన్స్ గెలిచింది రెండే, పట్టికలో అట్టడుగు. గాయం గురించిన జూదం గెలిచి కూడా సీజన్ ఓడిపోయారు. పెద్ద ఆటగాడు కావాలనుకుంటే మిగతా చోట్లు చవకవాళ్లతోనే నింపాలి. చవకవాళ్లలో ఎవడు నిలుస్తాడో తెలిసినవాడికే పెద్ద ఆటగాణ్ణి కొనే హక్కు.

ఎంతమంది గాయాలవాళ్లను ఉంచుకోవచ్చు? పదకొండు మందిలో ఒకడు, బెంచ్ గట్టిగా ఉంటే ఇద్దరు. ఒక్కొక్కడు పద్నాలుగింట అయిదు మ్యాచ్‌లు తప్పుతాడంటే, ముగ్గురుంటే ప్రతి మ్యాచ్‌కూ సగటున ఒకడు లేనట్టే. కొన్ని రోజులు ఇద్దరూ ముగ్గురూ ఒకేసారి కూర్చుంటారు. ఆ రోజుకు సరిపడే బెంచ్ ఎవరి దగ్గరా ఉండదు. కెప్టెన్సీ మాత్రం అలాంటివాడికి ఇవ్వకూడదు, ఫామ్‌లో ఉన్నా సరే. రెట్టింపు పాయింట్ల చోట సున్నా పడితే ఆ వారం పూడ్చుకోలేం.

ఈ లెక్కలన్నీ ఫోన్‌లోని ఆటకే. సెలవుల్లో ఊళ్లల్లో జరిగే టెన్నిస్ బాల్ లీగులకూ కబడ్డీ పోటీలకూ ఇప్పుడు వేలాలు పాడుతున్నారు. అక్కడ భుజం నొప్పితో ఉన్న పందొమ్మిదేళ్లవాడు చవగ్గా దొరుకుతాడు. అతన్ని కొని నొప్పి మాత్ర మింగించి ఆడించే కెప్టెన్‌కు పై పేజీలు ఏ విధంగానూ వత్తాసు కావు. వాట్సాప్ లీగ్‌లో తప్పు పిక్‌కు పోయేది అరవై పాయింట్లు. ఊరి మైదానంలో పోయేది పోలీసు సెలక్షన్‌కు సిద్ధమవుతున్న కుర్రాడి భుజం. అక్కడ అడగాల్సింది డాక్టర్‌ను.

మిగిలింది అమ్మకం. కొనడంలో ఇంత జాగ్రత్త పడ్డవాళ్లు కూడా అమ్మేటప్పుడు మెత్తబడిపోతారు, ఎందుకంటే ఎవరూ నమ్మని కుర్రాణ్ణి తామే కనిపెట్టామన్న మమకారం ఉంటుంది. మూడు మంచి మ్యాచ్‌లు ఆడగానే గ్రూపులో అతని కోసం బేరాలు మొదలవుతాయి. శరీరం పాతదే, పక్క కండరం పాతదే. మారింది ధర ఒక్కటే. 20 లక్షల దగ్గర మయాంక్ నాలుగు మ్యాచ్‌లు ఆడినా లక్నోకు గిట్టింది. ఆ నాలుగు మ్యాచ్‌ల జోరు చూసి 2024 అక్టోబర్ 31న జట్టు అతన్ని 11 కోట్లకు అట్టిపెట్టుకుంది. 2025 సీజన్‌లో అతను ఆడింది రెండు మ్యాచ్‌లు, తీసింది రెండు వికెట్లు. మిత్రుల లీగ్‌లోనైతే ఆ అక్టోబర్‌లో, అందరూ అతని వేగం గురించే మాట్లాడుకుంటున్నప్పుడు, మిర్యాలగూడవాడు అతన్ని కోదాడవాడికి ఇచ్చేసి బదులుగా ఒక స్థిరమైన ఓపెనర్‌నూ ఒక స్పిన్నర్‌నూ అడగాలి. కోదాడవాడు సంతోషంగానే ఇస్తాడు.